కలాం పద్దు: క్షిపణుల నుంచి పల్లెల దాకా తేలని లెక్కలు

ఏ.పి.జె. అబ్దుల్ కలాం కన్నుమూసి పదేళ్లు దాటింది. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కూలిపోయిన ఆ మనిషి మీద వాదన మాత్రం ఏటా అక్టోబరు 15న జయంతి రాగానే మళ్లీ మొదలవుతుంది. భారత క్షిపణులకు తండ్రి ఆయనేనని ఒక పక్షం అంటుంది. వేలమంది చేసిన పనిని ఒక్కరి పేరున రాస్తున్నారని ఇంకో పక్షం అభ్యంతరం చెబుతుంది. రాష్ట్రపతిగా ఏం సాధించారని అడిగితే, ప్రజల రాష్ట్రపతి అనే బిరుదు తప్ప మరో మాట చాలామందికి తోచదు.

వాదన ఇంతగా చిక్కుపడటానికి కారణం ఉంది. వేర్వేరు ప్రశ్నలు ఇందులో ఒకే ముద్దయ్యాయి. తయారుచేసిన ఆయుధాలు సైన్యం చేతికి అందాయా? ఘనత ఎవరికి చెందాలి? సంతకానికే పరిమితమనుకునే పదవిలో ఉండి విధానాలను ఆయన ఎంత కదిలించగలిగారు? అదంతా పశ్చిమ ప్రకాశంలోని పొదిలి, కనిగిరి, గిద్దలూరు వంటి నీటి కరువు ప్రాంతాలకు ఏం తెచ్చింది? దేని కొలబద్ద దానికే ఉంది. విడదీసి కొలిస్తే, బాగా ప్రచారమైన విజయాల కన్నా ఎవరూ పెద్దగా చెప్పుకోని పనులే గట్టిగా నిలిచినట్టు కనిపిస్తుంది.

కంచన్‌బాగ్ నేపథ్యం

1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. అంతకు ముందు ఏడాది ఆగస్టు 10న చేసిన తొలి ప్రయోగం సముద్రం పాలైంది. 1982లో ఆయన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు, అంటే డీఆర్‌డీఎల్‌కు, డైరెక్టరుగా వచ్చారు.

అప్పటికి ఆ ప్రయోగశాల మీద ఒక వైఫల్యం నీడ ఉంది. 1970ల్లో సోవియట్ ఎస్ఏ-2 క్షిపణిని విప్పి చూసి అలాంటిదే తయారుచేయాలని 'డెవిల్' పేరుతో ప్రాజెక్టు నడిపారు. ఆయుధం చేతికి రాకుండానే 1980లో దాన్ని మూసేశారు. అయితే ఆ ప్రయత్నంలో నేర్చుకున్న ద్రవ ఇంధన ఇంజిన్ పరిజ్ఞానమే తర్వాత పృథ్వి క్షిపణికి పునాది అయింది. కలాం ఖాళీ నేల మీద మొదలుపెట్టలేదు. చుట్టూ 1970లో పుట్టిన క్షిపణి తయారీ సంస్థ భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన ప్రత్యేక లోహాల సంస్థ మిధాని, లోహాల మీద పరిశోధించే డీఎంఆర్ఎల్ అప్పటికే ఉన్నాయి.

1983 జులైలో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమానికి కేంద్రం రూ. 388 కోట్లు మంజూరు చేసింది. ఇక్కడ అంతగా ప్రచారంలో లేని సంగతి ఒకటుంది. కలాం, అప్పటి రక్షణ మంత్రి శాస్త్రీయ సలహాదారు వి.ఎస్. అరుణాచలం కలిసి క్షిపణులను దశలవారీగా, ఒకదాని తర్వాత ఒకటిగా చేద్దామని ప్రతిపాదన తీసుకెళ్లారు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టమన్నది రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్. ఈ సంగతి కలాం తన ఆత్మకథలోనే రాసుకున్నారు. ఆ నిర్ణయం వల్ల బలగం పెరిగింది, చెదిరింది కూడా. తర్వాత వచ్చిన జాప్యాలన్నిటి గురించి మాట్లాడేటప్పుడు ఈ మొదటి మలుపును మరచిపోకూడదు.

ఐదు క్షిపణులు, ఐదు రకాల ఫలితాలు

పృథ్వి, అగ్ని, త్రిశూల్, నాగ్, ఆకాశ్ అనే ఐదు క్షిపణుల ఆ కార్యక్రమం పాసైందా, ఫెయిలైందా అని ఒక్క మాటలో అడిగితే జవాబు దొరకదు.

పృథ్వి 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి ఎగిరింది, 1994లో సైన్యానికి చేరింది. 150 కిలోమీటర్ల దూరం దాకా వెయ్యి కిలోల బరువు మోయగలదు. కానీ దాని ద్రవ ఇంధనం లోహాన్ని తినేసే ఘాటైన రసాయనం. యుద్ధభూమిలో దాన్ని నింపడం, మోయడం సైనికులకు పెద్ద శ్రమ. అందుకే ఆ పనికి ఘన ఇంధన క్షిపణులు కావాలని తర్వాత సైన్యమే కోరింది.

అగ్ని కథ వేరు. 1989 మే 22న చాందీపూర్ నుంచి తొలి ప్రయోగం, 1992లో వైఫల్యం, 1994లో మళ్లీ విజయం. ఆ మూడు ప్రయోగాల తర్వాత కార్యక్రమం ఆగింది. దేశం మీద అప్పుడున్న అంతర్జాతీయ ఒత్తిడి ఇందుకు కారణమని చాలామంది విశ్లేషకుల అభిప్రాయం. 1999లో అగ్ని-2, 2012 ఏప్రిల్‌లో ఐదు వేల కిలోమీటర్లు దాటే అగ్ని-5 వచ్చాయి. అగ్నికి అసలు పరీక్ష దాని ముక్కు భాగం. ఆకాశం దాటి తిరిగి గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు ఆ కొన మీద వేడి వేల డిగ్రీలకు చేరుతుంది. దాన్ని తట్టుకునే కార్బన్-కార్బన్ పదార్థాన్ని అప్పట్లో ఎవరూ మనకు అమ్మేవారు కాదు. 1987లో ఏడు దేశాలు కలిసి పెట్టుకున్న క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ ఒప్పందం ఆ తలుపు మూసేసింది. కార్బన్ నారతో నేసిన గుడ్డను రెజిన్‌లో తడిపి, గాలి తగలకుండా కాల్చి, రెజిన్ బొగ్గుగా మారాక మిగిలిన సందుల్లో మళ్లీ రెజిన్ నింపి, మళ్లీ కాల్చి, గట్టిపడేదాకా ఇదే పని చేసుకుంటూ పోవాలి. ఆ ఓపిక, ఆ కొలిమి, ఆ కొలతలు ఇక్కడే నేర్చుకున్నారు. కలాం కార్యక్రమం దేశానికి మిగిల్చిన ఆస్తుల్లో ఇది మొదటి వరసలో ఉంటుందని నా అభిప్రాయం.

త్రిశూల్ నిలబడలేదు. అది ఆలస్యమవుతూ పోవడంతో నౌకాదళం ఇజ్రాయెల్ నుంచి బరాక్ క్షిపణులు కొనుక్కుంది. నాగ్ 2020లో కూడా తుది పరీక్షల దశలోనే ఉంది. ఆకాశ్ తొలి ప్రయోగం 1990లో జరిగితే, సైన్యంలో, వాయుసేనలో లాంఛనంగా చేరింది 2015లో. పాతికేళ్లు! ఆ ఆలస్యాన్ని చూసి 2000ల్లో చాలామంది ఆకాశ్‌ను కూడా వైఫల్యాల్లోనే లెక్కేశారు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ సమయంలో గగనతల రక్షణలో ఆకాశ్ బాగా పనిచేసిందని కేంద్రం ప్రకటించింది. అంటే ఒక ఆయుధం మీద తీర్పు చెప్పే సంవత్సరాన్ని బట్టి ఫలితం మారిపోతోంది. మొత్తం కార్యక్రమం ముగిసిందని రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ డీఆర్‌డీఓ 2008 జనవరిలో ప్రకటించింది.

బ్రహ్మోస్ ఈ ఐదింటిలో లేదు. అయినా కలాం విధాన నిర్ణయాల్లో అత్యంత ఫలవంతమైనది బహుశా అదే. 1998 ఫిబ్రవరి 12న మాస్కోలో రష్యాతో ఒప్పందం మీద భారత్ తరఫున సంతకం చేసింది కలామే. వాటాలు మనకు 50.5 శాతం, రష్యాకు 49.5 శాతం. 2001 జూన్ 12న తొలి ప్రయోగం జరిగింది. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ ఈ క్షిపణులు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అన్నీ మనమే చేయాలన్న పట్టుదలకు పేరుపడ్డ మనిషి, సగం పరిజ్ఞానం బయటి నుంచి తెచ్చుకుని భాగస్వామ్యంలో దిగడం గమనించాల్సిన విషయం. ఆయన స్వావలంబన సిద్ధాంతాన్ని చర్చించేవారు ఈ ఒప్పందాన్ని పక్కన పెట్టి మాట్లాడితే సగం బొమ్మే కనిపిస్తుంది.

ఘనత మీద మూడు వాదాలు

మొదటిది వీరగాథ. 1999లో వచ్చిన 'వింగ్స్ ఆఫ్ ఫైర్', దానికి వాడ్రేవు చినవీరభద్రుడు చేసిన తెలుగు అనువాదం 'ఒక విజేత ఆత్మకథ' ఈ వాదానికి ఊతం. రామేశ్వరంలో పత్రికలు వేసిన పిల్లవాడు రాష్ట్రపతి అయిన కథ లక్షలాది బడిపిల్లలకు ధైర్యమిచ్చింది. పుస్తకం చదివితే సహచరుల పేర్లను కలాం ఎక్కడా దాచలేదని తెలుస్తుంది. వాటిని వదిలేసింది ఆ కథను తిరగచెప్పినవాళ్లే.

రెండోది సంస్థల వాదం. కలాం ప్రధానంగా మంచి నిర్వాహకుడు, ప్రయోగశాలలను, ప్రభుత్వ కర్మాగారాలను, విశ్వవిద్యాలయాలను, చిన్న ప్రైవేటు సంస్థలను ఒక తాటి మీదికి తెచ్చినవాడు అంటారు వీళ్లు. సాక్ష్యం ఎక్కువగా ఈ వాదం వైపే ఉంది. 1985లో శంకుస్థాపన జరిగిన ఇమారత్ పరిశోధన కేంద్రం, దాని చుట్టూ హైదరాబాద్‌లో పెరిగిన విడిభాగాల పరిశ్రమ ఈ రోజుకీ పనిచేస్తున్నాయి.

మూడోది సందేహవాదం. వీళ్లు రెండు లెక్కలు అడుగుతారు. 1990ల మొదట్లో కలాం అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, రక్షణ కొనుగోళ్లలో స్వదేశీ వాటాను 30 శాతం నుంచి 2005 నాటికి 70 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టింది. ఆ లక్ష్యం నెరవేరలేదు. ఇది కాదనలేని వైఫల్యం. రెండోది 1998 మే పోఖ్రాన్ అణుపరీక్షలు. హైడ్రోజన్ బాంబు ఆశించిన శక్తిని ఇవ్వలేదని ఆ పరీక్షల్లో పాల్గొన్న డీఆర్‌డీఓ శాస్త్రవేత్త కె. సంతానం 2009లో బహిరంగంగా అన్నారు. పరీక్ష విజయవంతమైందని కలాం, పరీక్షల నాటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు ఆర్. చిదంబరం గట్టిగా చెప్పారు. మూల సమాచారం రహస్యం కాబట్టి బయటివాళ్లు దీన్ని తేల్చలేరు.

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వీరగాథ స్ఫూర్తిని కొలుస్తుంది, సంస్థల వాదం సామర్థ్యాన్ని, సందేహవాదం గడువును, ఖర్చును. సామర్థ్యం పెరిగిందన్నదాన్ని సందేహవాదులూ పెద్దగా కాదనరు. గడువులు దాటాయన్నదాన్ని అభిమానులూ కాదనలేరు. అసలు తగవు, ఆ ఆలస్యం నేర్చుకోవడానికి కట్టిన మూల్యమా, పర్యవేక్షణ లోపమా అన్నచోట ఉంది. నాగ్, త్రిశూల్ విషయంలో రెండోదే ఎక్కువని, అగ్ని విషయంలో మొదటిదే ఎక్కువని చెప్పడం న్యాయంగా ఉంటుంది.

కాలిపర్, స్టెంట్

క్షిపణి పరిజ్ఞానం ఆసుపత్రికి చేరిన కథ అందరికీ కొంత తెలుసు. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. హైదరాబాద్ నిమ్స్ ఎముకల వైద్యులతో కలిసి కలాం బృందం, క్షిపణులకు వాడే తేలికైన మిశ్రమ పదార్థంతో మూడు వందల గ్రాముల కాలిపర్ తయారుచేసింది. తన జీవితంలో పరమానందం కలిగించిన పనుల్లో దీన్ని ఒకటిగా ఆయన చెప్పుకునేవారు. గుండె వైద్యుడు సోమరాజుతో కలిసి రూపొందించిన కలాం-రాజు స్టెంట్ కూడా 1990లదే.

స్టెంట్ విషయంలో అసలు పాఠం అంతగా చర్చకు రాలేదు. స్వదేశీ స్టెంట్ వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత కూడా రోగులు విదేశీ స్టెంట్లకు లక్షల్లో చెల్లించారు. ధరను నిజంగా దించింది 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ ఇచ్చిన ఉత్తర్వు. మామూలు స్టెంట్‌కు రూ. 7,260, మందు పూత ఉన్నదానికి రూ. 29,600 చొప్పున గరిష్ఠ ధర కట్టింది. మన చేతిలో పరిజ్ఞానం ఉండటం వల్ల ధర తగ్గించడం సాధ్యమని తెలిసింది, తగ్గించింది మాత్రం చట్టం. రక్షణ పరిశోధన పేదవాడికి దానంతటదే చేరుతుందనేవారు, అది శుద్ధ దండగ అనేవారు ఇద్దరూ ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి.

రాష్ట్రపతి సంతకం

2002 జులై 25న కలాం రాష్ట్రపతి అయ్యారు. ఆ ఐదేళ్లలో మూడు ఘట్టాలను తూచి చూడాలి.

2005 మే 23న బీహార్ శాసనసభ రద్దు సిఫారసు మీద మాస్కోలో ఉండగానే సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబరులో చెప్పింది. అప్పుడు రాజీనామా చేయాలనుకున్నట్టు ఆయన 2012 నాటి 'టర్నింగ్ పాయింట్స్' పుస్తకంలో రాశారు. 1997లో ఉత్తరప్రదేశ్ విషయంలో, 1998లో బీహార్ విషయంలో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి పాలన సిఫారసులను వెనక్కి పంపిన ఉదాహరణ ముందే ఉంది. ఆ పోలికలో కలాం తగ్గిపోతారు. ఆయనను ఎంత అభిమానించేవారైనా దీన్ని ఒప్పుకోవాలి.

ఏడాది తిరిగేసరికి ఇంకో కలాం కనిపించారు. లాభదాయక పదవుల బిల్లును 2006 మే 30న పార్లమెంటుకు తిప్పి పంపారు. మినహాయింపులకు ఒక న్యాయమైన, అన్ని రాష్ట్రాలకూ ఒకేలా వర్తించే ప్రమాణం ఉండాలన్నది ఆయన అభ్యంతరం. పార్లమెంటు అక్షరం మార్చకుండా మళ్లీ ఆమోదించింది. రెండోసారి వచ్చిన బిల్లుకు సంతకం చేయక తప్పదని రాజ్యాంగం 111వ అధికరణం చెబుతుంది. ఆగస్టు 18న చేశారు. ఓడిపోయారని కొందరంటారు. కానీ లాభదాయక పదవి అంటే ఏమిటో పరిశీలించడానికి సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడింది. సంతకం ఆపే అధికారం లేనివాడు ప్రశ్నను చట్టసభ రికార్డులోకి ఎక్కించాడు.

క్షమాభిక్ష దరఖాస్తుల్లో ఆయన తేల్చింది రెండే. 2004లో ధనంజయ్ ఛటర్జీది తిరస్కరించారు, 2006లో ఖేరాజ్ రామ్ శిక్షను జీవితఖైదుగా మార్చారు. మిగతావి ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. దీన్ని జాప్యమనేవారున్నారు, మనస్సాక్షి అనేవారున్నారు. 2015లో లా కమిషన్ అభిప్రాయాలు అడిగినప్పుడు మరణశిక్ష రద్దు చేయాలనే ఆయన జవాబిచ్చారు. అయినా ఉరి నీడలో ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఖైదీ వైపు నుంచి చూస్తే, తేల్చకపోవడాన్ని కరుణ అనడం కష్టం.

వీటన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించిన చర్య ఒక ప్రసంగం. 2002 ఆగస్టు 14 రాత్రి జాతినుద్దేశించి మాట్లాడుతూ వరద నదులను కరువు నేలలతో కలపాలన్నారు. ఆ ప్రసంగం ఆధారంగా సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. అక్టోబరు 31న కోర్టు కేంద్రాన్ని కదిలించింది, డిసెంబరులో సురేశ్ ప్రభు అధ్యక్షతన కార్యదళం ఏర్పడింది. 2012 ఫిబ్రవరిలో కోర్టు మళ్లీ అమలు సంఘం వేయమంది. మంత్రివర్గ తీర్మానం లేకుండా ఒక రాష్ట్రపతి మాట జాతీయ విధానంగా మారడం అరుదు. దీనికి నిపుణుల అభ్యంతరాలూ బలమైనవే: నదులన్నిటికీ వరదలు ఒకే నెలల్లో వస్తాయి, సముద్రంలో కలిసే నీరు వృథా కాదు, డెల్టాలు దాని మీదే బతుకుతాయి, ముంపు భారం ఎప్పుడూ అడవి పల్లెల మీదే పడుతుంది.

పశ్చిమ ప్రకాశానికి ఇది పుస్తకాల చర్చ కాదు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలతో కృష్ణా వరద నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే శంకుస్థాపన జరిగింది. కలాం ప్రసంగానికి దానితో సంబంధం లేదు, ఆ ఘనత ఆయనకు కట్టబెట్టనక్కరలేదు. కానీ ఆయన ఆలోచనకు దగ్గరి నమూనా మన కళ్ల ముందున్నది ఇదే. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసినా, నిర్వాసితుల పునరావాసం, ఫీడర్ కాలువ పనులు మిగిలి నీరు ఆగింది. నీళ్లు మళ్లించడంలో కష్టమైన భాగం కొండను తొలవడం కాదని, ఊళ్లు ఖాళీ చేయించి న్యాయం చేయడమని వెలిగొండ చెబుతోంది. కలాం ప్రసంగాల్లో ఈ రెండో భాగానికి దక్కిన చోటు చాలా తక్కువ.

పుర

పల్లెల్లో పట్నం సౌకర్యాలు, ఆంగ్ల సంక్షిప్త నామంలో 'పుర', అన్నది ఆయన మరో కల. ఇరవై ముప్పై ఊళ్లను ఒక గుంపుగా తీసుకుని రోడ్డు, రైలు, కరెంటు ఒక వైపు, టెలిఫోన్, ఇంటర్నెట్ మరో వైపు, బడి, వృత్తి శిక్షణ ఇంకో వైపు అందిస్తే, వాటి మీద ఆర్థిక జీవనం తనంతట తానే అల్లుకుంటుందని ఆయన లెక్క. అలాంటివి దేశానికి ఏడు వేలు కావాలనేవారు. 2004 తర్వాత ఏడు చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. తెలుగు నేల మీద దొరికిన చోటు అనంతపురం జిల్లా రాయదుర్గం. ఫలితాలు నిరాశపరిచాయి. సరైన కొలమానం లేకుండా చోట్లు ఎంచుకున్నారని, వ్యాపార ప్రణాళిక లేదని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ మదింపులో తేలింది. తర్వాత ప్రైవేటు భాగస్వామ్యంతో మరో రూపం వచ్చింది. 2016లో మొదలైన రూర్బన్ మిషన్‌లో ఆ ఆలోచన ఆనవాళ్లు కనిపిస్తాయి.

ఆలోచనే తప్పా, అమలే తప్పా? పొదిలిని పెట్టుకుని చూస్తే కొంత తెలుస్తుంది. 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి రైలుమార్గం దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా వెళ్లాలి. ఏళ్లు గడుస్తున్నా పని సాగుతూనే ఉంది. ఈలోగా మొబైల్ ఫోన్ ప్రతి ఇంటికీ వచ్చేసింది. అంటే పుర లెక్కలో రెండో అనుసంధానం మొదటిదానికన్నా ముందే చేరింది, అయినా పొట్ట చేతబట్టుకుని వలస వెళ్లేవారు ఆగలేదు. ఫ్లోరైడ్ నీరు తాగి ఎముకలు వంగిన చోట తాగునీటికి మించిన అనుసంధానం లేదు. కలాం పట్టికలో నీటికి ప్రత్యేకంగా ఒక గడి ఉండి ఉంటే, పుర పడమటి ప్రకాశానికి ఎక్కువ సరిపోయేది.

దొనకొండ దగ్గర తేలాల్సినవి

క్షిపణి, పల్లె అన్న రెండు దారులూ ఇప్పుడు ఒకే మండలంలో కలిశాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమాన రన్‌వే ఉన్న దొనకొండ, 2025 నాటి రాష్ట్ర రక్షణ పరిశ్రమల విధానంలో జగ్గయ్యపేటతో పాటు క్షిపణులు, మందుగుండు తయారీకి ఎంపికైంది. అదే ఏడాది రాష్ట్ర మంత్రివర్గం భారత్ డైనమిక్స్ ప్రొపెల్లెంట్ కేంద్రానికి వెయ్యి ఎకరాలకు పైగా భూమి కేటాయించింది. పెట్టుబడి అంచనా సుమారు రూ. 1,200 కోట్లు.

ఘన ఇంధనం అంటే ఎక్కువ భాగం అమోనియం పెర్‌క్లోరేట్, దానికి అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరులాంటి జిగురు. పేలుడు ప్రమాదం వల్ల షెడ్డుకూ షెడ్డుకూ మధ్య చాలా దూరం వదలాలి. భూమి అంత ఎక్కువ కావడానికి, ఎకరానికి ఉద్యోగాలు అంత తక్కువ రావడానికి కారణం ఇదే. వచ్చే ఉద్యోగాల్లో పడమటి మండలాల ఐటీఐ పిల్లలకు ఎన్ని దక్కుతాయన్నది శిక్షణ ఇప్పుడే మొదలవుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కంచన్‌బాగ్ చుట్టూ చిన్న పరిశ్రమలు పెరగడానికి అక్కడ నేర్చినవాళ్లు ముందే ఉన్నారు. దొనకొండకు ఆ వసతి లేదు.

నీటి సంగతి ఇంకా బరువైనది. పెర్‌క్లోరేట్ నీటిలో ఇట్టే కరుగుతుంది, భూగర్భంలోకి దిగితే, ఆ నీరు తాగినవారి శరీరంలో థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. అమెరికాలో రాకెట్ ఇంధన కేంద్రాల పరిసరాల్లో ఈ కాలుష్యం బయటపడింది. మంచి కట్టుబాట్లతో దీన్ని ఆపవచ్చు. అయితే 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం దేశ రక్షణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. కాబట్టి ఊరివాళ్లకు ప్రశ్న అడిగే వేదిక దానంతటది రాదు, జిల్లా యంత్రాంగం చొరవ తీసుకుంటేనే వస్తుంది. తొలి షెడ్డు లేవకముందే చుట్టుపక్కల ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో పాటు పెర్‌క్లోరేట్ కూడా పరీక్ష చేయించి, ఆ అంకెలను పంచాయతీ కార్యాలయాల్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ మొదటి కొలత లేకపోతే, పదేళ్ల తర్వాత నీరు మారిందని ఒకరు, మారలేదని ఒకరు అంటారు, నిరూపించే ఆధారం ఇద్దరి దగ్గరా ఉండదు.